తాలుకీ రేటుండిద్ది

తుళ్లూరులో మా బాబాయిని ‘మెయిలు బాబాయి’ అంటారు. మీ ఫోనులో, నా ఫోనులో జీమెయిల్ బొమ్మ మీద ఓ నాలుగంకెల సంఖ్య వేలాడుతూ ఉంటుంది చూడండి, చదవని మెయిళ్ళ లెక్క. బాబాయి ఫోనులో అది ఉండదు. వచ్చిన ప్రతిదీ చదువుతాడు. చదివింది ఏదీ పారెయ్యడు.

ఈ జాతి మనిషి ఊరికొకడు ఎప్పుడూ ఉన్నాడు. తిరుమలలో పాము ప్రత్యక్షమైందనీ, ఆ సంగతి ఇంతమందికి రాసి పంపకపోతే కీడు తప్పదనీ ఉత్తరాలు తిరిగిన కాలంలో బాబాయి పదిహేను పైసల కార్డులు కట్టగా కొని, లాంతరు ముందు కూర్చుని రాసేవాడు. అందులో ఒకటి ఊళ్ళన్నీ తిరిగి, ఆయన చేసిన అక్షరదోషంతో సహా ఆయనకే వచ్చింది. “ఎవడో చదువురానోడు రాశాడే” అని విసుక్కుంటూనే మళ్ళీ కార్డులు కొన్నాడని పిన్ని ఇప్పటికీ చెబుతుంది.

మెయిలు యోగం 2015లో పట్టింది. మూడెకరాల మెట్ట అమరావతి రాజధానికి భూముల పూలింగులో ఇచ్చాడు. బదులుగా ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, పదేళ్ళ కౌలు. ఇన్ని కాగితాలు వచ్చేవాడికి మెయిల్ ఐడీ లేకపోతే ఎట్టా అన్నారెవరో. నెట్ సెంటర్ కుర్రాడు ఇంటిపేరు, పేరు, పొలం సర్వే నంబరు వరసగా పేర్చి, మధ్యమధ్య చుక్కలు పెట్టి ఐడీ చేసిచ్చాడు. జీమెయిల్ ఆ చుక్కల్ని లెక్కలోకి తీసుకోదు, పెట్టినా మానినా ఖాతా ఒకటే. చెప్పి చూశాను. “హద్దురాళ్ళు పీకేసినా చేను నాదేనంటావా? నువ్వూరుకోరా” అన్నాడు.

చుక్కల్లో అంత పట్టింపున్న మనిషి ఐడీ పంచడంలో మాత్రం కర్ణుడు. చీరల కొట్లో అడిగితే ఇచ్చాడు. ఎగ్జిబిషన్లో లక్కీ డ్రా డబ్బాలో వేశాడు. ఇంకేం, లోకం కదిలొచ్చింది. అడక్కుండా అప్పిస్తామనేవాళ్ళు, జుట్టు మొలిపిస్తామనేవాళ్ళు, ఈ రాత్రితో ఖాతా ఆగిపోతుందని బెదిరించేవాళ్ళు. బాబాయి పొద్దున్నే కాఫీ తాగి, కళ్ళద్దాలు తుడుచుకుని, అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే పైకి చదువుతాడు. “చూడరా, కన్నకొడుకు ‘నాన్నా డబ్బులు పడ్డాయా’ అని మొదలెడతాడు. వీళ్ళెవరో ముక్కూమొహం తెలియనోళ్ళు, ‘ప్రియమైన లబ్ధిదారు గారికి’ అంటున్నారు.”

జవాబులు కూడా రాస్తాడు. ‘నో రిప్లై’ అన్న చిరునామాకి “మీ ఉత్తరం అందినది, మేమంతా క్షేమం” అని రాశాడు. మరుక్షణం ‘మెయిలర్ డెమన్’ నుంచి మెయిలొచ్చింది, మీది చేరలేదని. “ఈ డెమన్ ఎవరో గానీ పద్ధతైన మనిషి. రాయగానే జవాబిచ్చేది ఈయనొక్కడే.”

ఈ పీడకి మూలపురుషుడు అమెరికాలో ఉన్నాడని చెబితే మానతాడేమోనని ఆశపడ్డాను. 1978 మే 3న గ్యారీ థ్యూర్క్ అనే ఆయన తన కంపెనీ కంప్యూటర్లు అమ్ముకోడానికి, అడక్కుండానే దాదాపు నాలుగువందల మందికి ఒకే మెయిలు పంపాడు, తిట్లు తిన్నాడు అన్నాను. బాబాయి తిట్ల దగ్గర ఆగలేదు.

“అమ్ముడుపోయినయ్యా?”

“బాగానే పోయాయని ఆయనే చెప్పుకున్నాడు.”

“మరింకేంది?”

అవతల పిన్ని పంచలో పట్టా పరిచి మిరపకాయలు ఏరుతోంది. ఏటా పెదకూరపాడు నుంచి చుట్టాలు ఓ టిక్కీ, అంటే మిరపకాయల బస్తా, పంపిస్తారు, కారానికీ పచ్చళ్ళకీ. ఆవిడ చెయ్యి చూడాలి. ఒక్కో కాయనీ పట్టి చూడదు. రంగు వెలిసిందీ, తొడిమ దగ్గర నల్లబడిందీ, వేలికి బోలుగా తగిలిందీ చెయ్యే చెబుతుంది. తాలు ఎడమకి, మంచికాయ కుడికి. జీమెయిల్ చేసే పనీ ఇదే. ఫలానా మాటలు, ఫలానా చోటు నుంచి, ఒకేసారి ఇన్ని వేలమందికి వెళ్ళింది అని ఆనవాళ్ళు చూసి, మనం దేన్ని స్పామ్ అన్నామో గుర్తుపెట్టుకుని, పక్కన పోస్తుంది. ముప్ఫై రోజులు చూసి పారబోస్తుంది.

ఆ పారబోత బాబాయి గుండెలో పడింది. డాలస్ నుంచి కొడుకు పంపిన మనవరాలి బారసాల ఫోటోలు ఒకసారి స్పామ్‌లో పడ్డాయి. నేనే చూపించాను, అప్పటికి ఇరవయ్యేడో రోజు. మంచి చేశాననుకున్నాను. ఆనాటి నుంచి ముందు స్పామ్ తెరిచి, ఒక్కొక్కదాని మీదా ‘స్పామ్ కాదు’ నొక్కి లోపలికి పిలుచుకుంటాడు. నొక్కి నొక్కి, పాపం ఆ యంత్రానికి తాలంటే ఏంటో మరిపించాడు.

“మిరపకాయలో తాలు చిటికెలో పడతావు గదా బాబాయ్, ఇక్కడేంది?”

“గుంటూరు యార్డులో తాలుకీ రేటుండిద్దిరా.”

పోనీ, అన్‌సబ్‌స్క్రయిబ్ నేర్పిద్దామనుకున్నాను. 2024 నుంచి, వేలకి వేలు మెయిళ్ళు పంపే వ్యాపారస్తులు ఒక్క నొక్కుతో వదిలిపెట్టాలని గూగుల్, యాహూ నిబంధన పెట్టాయి. మనకు తెలిసిన కొట్టు వరకూ అది బాగానే పనిచేస్తుంది. ఊరూ పేరూ లేని మెయిల్లో మాత్రం అది నొక్కకూడదు, ‘ఇంట్లో మనుషులున్నారు’ అని దొంగకి కేకేసి చెప్పినట్టు. బాబాయికి రెంటికీ తేడా లేదు. ఏదీ నొక్కడు. “పిలిచినవాణ్ణి రావద్దని చెబుతామా?”

ఎప్పుడో మునుగుతాడని ఇంటిల్లిపాదీ భయపడ్డాం. సైబర్ మోసం జరిగితే 1930కి ఫోన్ చెయ్యాలని పిన్ని గోడ మీద రాయించింది. అనుకున్నట్టే నాలుగు కోట్ల లాటరీ తగిలింది. ముందుగా పద్దెనిమిది వేలు ప్రాసెసింగ్ ఫీజు కట్టమన్నారు. బాబాయి ఒక్క పూటంతా కూర్చుని జవాబు కొట్టాడు:

“అయ్యా, యార్డులో మేం టిక్కీలు దించితే కమిషనూ హమాలీ కోసుకుని మిగతాది చేతిలో పెడతారు. ముందు డబ్బు ఏ షావుకారూ అడగడు. మీరూ అట్టాగే మీ పద్దెనిమిది వేలు కోసుకుని మిగతాది పంపండి. చిల్లర ఉంచుకోండి.”

ఆ లాటరీవాడు రెండుసార్లు బతిమాలాడు. మూడోసారి బాబాయి హమాలీ రేటు మీద బేరానికి దిగాడు. అంతే, అటు నుంచి మళ్ళీ పలుకు లేదు. “మంచి కుర్రాడేరా, ఒంట్లో బాగుందో లేదో” అని వారం రోజులు కలవరించాడు.

మొన్న నేను వెళ్ళేసరికి ఏదో రియల్ ఎస్టేట్ మెయిలు తెరిచి పెట్టుకున్నాడు. అమరావతిలో మీ కలల ఇల్లు, సీడ్ యాక్సెస్ రోడ్డుకి చేరువలో. అద్దాల మేడ, నీలం రంగు ఈతకొలను, పక్కన కుక్కపిల్లతో ఓ జంట.

“ఇది మన చేనేరా. ఇక్కడ పత్తేసేవాణ్ణి. నల్లరేగడి, వానొస్తే మోకాటి లోతు దిగబడిద్ది. పాపం వీళ్ళకి తెలవదనుకుంటా, రాయనా?”

“నీ చేను నీకే అమ్ముతున్నారు బాబాయ్” అని ఫోను లాక్కుని డిలీట్ మీద వేలు పెట్టబోయాను. చెయ్యి పట్టుకున్నాడు. రెండు వేళ్ళతో బొమ్మని సాగదీసి, మేడ వెనక మూలకి జరిపి, కళ్ళద్దాలు నుదుటి మీదకి ఎత్తాడు.

“అది కంప్యూటర్లో గీసిన బొమ్మ బాబాయ్.”

“తెలుసులేరా. గట్టు మీద వేపచెట్టు గీశారేమో చూడనియ్.”