నమ్మినబంటును రాసేవారికి తలకిందుల సలహాలు

నమ్మినబంటు పాత్ర రాయాలనుకుంటే ముందు అతని విశ్వాసాన్ని నమ్మకండి. కథారచన పాఠాలు చెప్పేవాళ్లెవరూ ఈ మాట ఒప్పుకోరు. అయినా మన్యం గురించి రాయబోయేవారికి నా మొదటి సలహా ఇదే. హనుమంతుడి పోలికతో ఒక అనుచరుణ్ణి తయారుచేసి అరకు కొండలెక్కించకండి. ఇక్కడి మనిషి యజమాని గడప దగ్గర ఎందుకు నిలబడ్డాడో తెలియాలంటే అప్పు లెక్క చూడాలి.

గోపీనాథ్ మహంతి ఆ లెక్కే చూశారు. 1945లో వచ్చిన ఆయన ఒడియా నవల ‘పరజా’ అరకు పక్కనున్న కోరాపుట్ కొండల కథ. 1936 దాకా ఆ కొండలు మన విశాఖ జిల్లాలోవే. అడవిలో చెట్లు కొట్టాడని అందులోని రైతు సుక్రు జానీకి జరిమానా పడుతుంది. కట్టడానికి షావుకారు దగ్గర అప్పు, అప్పు కింద చాకిరీ. తండ్రీ కొడుకులు ఆ ఇంటి పనివాళ్లయిపోతారు. పిలిస్తే పలుకుతారు, చెప్పింది చేస్తారు. చూసేవాళ్లకి ఎంత నమ్మకస్తులో! బాకీ మాత్రం తరగదు, తాకట్టు పెట్టిన పొలం చేతికి రాదు. చివరికి షావుకారు మీద గొడ్డలి లేస్తుంది. దాన్ని నమ్మకద్రోహం అనాలనిపిస్తే ఈ కొండల జోలికి రాకండి.

రెండో సలహా ఇంకా విపరీతం: నాయకుణ్ణి వదిలేయండి. మన్యం తిరుగుబాటు నడిపిన అల్లూరి సీతారామరాజు మీద పుస్తకాలున్నాయి, పాటలున్నాయి, 1974లో వచ్చిన సినిమా ఉంది. 1922 ఆగస్టు 22న ఆయన దళం చింతపల్లి పోలీసు స్టేషన్ నుంచి 11 తుపాకులు, 1,390 తూటాలు పట్టుకెళ్లారు. రాసిపెట్టిన కాగితం మీద సంతకం రాజుది. ఆ బరువును అడవిలోకి మోసిన భుజాలెవరివి? మీ కథ వాళ్ల దగ్గరుంది.

గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు. ‘రాజుగారి అనుచరులు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. గంటందొర బట్టిపనుకుల మునసబు. డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆ పదవి ఊడగొట్టాడు. బాస్టియన్ హయాంలోనే ఘాట్ రోడ్డు పనిలో ఆరణాలు రావలసిన రోజుకూలికి రెండణాలు చేతిలో పెట్టారు. ఎండలో బండలు పగలగొట్టినవాడికి ఎగ్గొట్టిన ఆ నాలుగణాలను వదిలేసి అనుచరుల భక్తిని వర్ణించడం అన్యాయం. రాజు రాకముందే వాళ్ల కడుపుమంట వాళ్లకుంది.

అనుచరుడి చేత వచ్చీరాని తెలుగు మాట్లాడించి నవ్వించకండి. అరకు సంతలో ఆదివాసీ ఒడియా గలగలా వినిపిస్తుంది, కువి వినిపిస్తుంది. అక్కడ మాట తడబడేది మైదానం నుంచి వచ్చినవాడికే. మీ కథలోనూ దొరగారే తడబడాలి, దారి అడగాలి.

ఇక దొరతోపాటు బంటునూ చంపేసి పాఠకుణ్ణి ఏడిపించే అలవాటు మానేయండి. 1924 మే 7న రాజు మరణించాక నెల తిరిగేసరికి గంటందొర కూడా నేలకొరిగారు. అది రాయడం తేలిక. మల్లుదొర 1923లోనే పట్టుబడ్డారు. అండమాన్ శిక్ష అనుభవించి తిరిగొచ్చారు. 1952లో విశాఖపట్నం నుంచి స్వతంత్రుడిగా గెలిచి తొలి లోక్‌సభలో కూర్చున్నారు. నవల అక్కడ మొదలుపెట్టండి. వందో పేజీ దాకా రాజు పేరు ఎత్తకండి. ఢిల్లీలో మల్లుదొర ఎవరితో ఏ భాషలో మాట్లాడి ఉంటారు, అన్న పోగొట్టుకున్న మునసబుగిరీ గురించి ఎవరైనా అడిగితే ఏమని ఉంటారు, అవి ఊహించి రాయండి.