నాలో పగడం, వాళ్లలో తిరుగుబాటు

నేను అర్ధగోళం ఆకారపు గాజు పేపర్‌వెయిట్‌ని. నా లోపల హిందూ మహాసముద్రపు పగడపు ముక్క ఉంది. 1949లో వెలువడిన జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’లో నిరంకుశ పార్టీ పాలనలో బతికే విన్‌స్టన్ నన్ను చారింగ్టన్ అనే ముసలాయన పాత సామాన్ల కొట్లో నాలుగు డాలర్లకు కొన్నాడు. తర్వాత ఆ కొట్టు మీది గదిలోనే అతనూ అతని ప్రియురాలు జూలియా చాటుగా కలుసుకున్నారు. పార్టీ మీద వాళ్ల తిరుగుబాటు ఏదంటే చాలామంది ‘బ్రదర్‌హుడ్’ అనే రహస్య సంఘాన్ని చూపిస్తారు. నేను ఒప్పుకోను. సంఘంలో చేర్చుకునేటప్పుడు సంఘం మనిషిగా నటించిన పార్టీ అధికారి ఓబ్రియన్ వేసిన ప్రశ్నలే నాకు సాక్ష్యం. హత్య చేస్తారా, దేశద్రోహం చేస్తారా, పసిబిడ్డ మొహాన యాసిడ్ పోస్తారా అంటే అన్నిటికీ సరేనన్నారు. విడిపోయి మళ్లీ ఒకరి మొహం ఒకరు చూడకుండా ఉంటారా అన్నప్పుడు మాత్రం ముందు జూలియా, ఆ వెనక విన్‌స్టన్ కుదరదన్నారు. పసిబిడ్డ మాటకు తలూపినందుకు వాళ్లను నేను క్షమించలేను. పార్టీ క్రూరత్వం వాళ్లలోకి అంతగా ఇంకింది. అది ఇంకని చోటు ఆ ప్రేమ ఒక్కటే.

జూలియాకు సిద్ధాంతం లేదు, పార్టీ శత్రువు గోల్డ్‌స్టీన్ రాశాడనే పుస్తకాన్ని విన్‌స్టన్ చదివి వినిపిస్తుంటే నిద్రపోయింది, ఆమెది సుఖం కోసం తాపత్రయమేనని కొందరంటారు. అలాగైతే ఆ సుఖాన్ని చంపడానికి పార్టీ బ్రహ్మచర్య సంఘం పెట్టి, పడుచువాళ్ల నడుములకు ఎర్ర పట్టీలు ఎందుకు కట్టించింది? అణిచిన కోరికను యుద్ధోన్మాదంగా, నాయకుడి ఆరాధనగా మళ్లించుకోవడానికే. ఈ కిటుకు విన్‌స్టన్‌కు విడమరిచి చెప్పింది జూలియాయే.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. చారింగ్టన్ ఆలోచనా పోలీసు, గోడ మీది బొమ్మ వెనక నిఘా పెట్టే టెలిస్క్రీన్, కాబట్టి ఆ గదీ నేనూ కూడా ఎరలమేనని. నిజమే. అయినా ప్రేమ ఆ ఉచ్చులో పుట్టలేదు. జూలియా ప్రేమిస్తున్నానని చీటీ ఇవ్వడం, పల్లెపట్టున తొలిసారి కలుసుకోవడం గది అద్దెకు తీసుకోకముందే జరిగాయి. వాళ్లను పట్టుకున్నప్పుడు పోలీసులు నన్ను పొయ్యి రాతికేసి కొట్టి ముక్కలు చేశారు. విన్‌స్టన్ చేత అన్ని నేరాలూ ఒప్పించాక కూడా అతను మాత్రం జూలియాకు ద్రోహం చేయలేదని ఓబ్రియనే అంగీకరించాల్సి వచ్చింది. అతను అన్నిటికన్నా భయపడే ఎలుకలతో బెదిరించే 101వ గది అవసరమైంది అందుకే. అక్కడ విన్‌స్టన్ ఓడిపోయాడు, తనకు బదులు జూలియానే బలి ఇమ్మన్నాడు. ఆ ఓటమిని చూపి ఈ ప్రేమను చిన్నబుచ్చే పాఠకులు ఒకటి గమనించాలి. గోల్డ్‌స్టీన్ పుస్తకం రాసినవాళ్లలో తానూ ఒకడినని ఓబ్రియన్ చెప్పాడు. జూలియా చీటీని మాత్రం పార్టీ రాయించలేదు.