గ్యాస్ బావి వద్దనుకునే ఊరికి ఎనిమిది పెడసరపు సలహాలు

ఊరి కింద బొగ్గు పొరల్లో గ్యాస్ ఉందని, దాన్ని తోడడానికి కంపెనీ వస్తోందని తెలియగానే సలహాలకు కొదవుండదు. పెద్ద సభ పెట్టమంటారు. పేరున్న నాయకుణ్ణి పిలవమంటారు. మంచి లాయరును పట్టుకోమంటారు. ఎలాగూ ఆగేది కాదు కాబట్టి ఎకరాకు నాలుగు డబ్బులైనా ఎక్కువ రాబట్టుకోమంటారు. చెప్పేవాళ్లందరిదీ మంచి మనసే. కానీ ఆస్ట్రేలియాలోనూ తమిళనాడు కావేరి డెల్టాలోనూ ఇలాంటి బావులను నిజంగా ఆపిన ఊళ్లు నడిచిన దారి వేరు. ఆ ఊళ్ల అనుభవం నుంచి ఎనిమిది సలహాలు ఇక్కడ రాస్తున్నాను. మొదటిసారి వింటే తప్పుడు సలహాల్లాగే ఉంటాయి. ప్రతి మాటా మనస్ఫూర్తిగా నమ్మే రాస్తున్నాను.

ముందు అసలు విషయం. బొగ్గు పొరలో మీథేన్ నీటి ఒత్తిడికి అణిగి ఉంటుంది. నీటిని తోడేస్తే ఒత్తిడి తగ్గి గ్యాస్ బయటికొస్తుంది. అంటే ఈ బావి గ్యాస్ ఇవ్వడానికి ముందు నీళ్లు తోడాలి. ఆ నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, శుద్ధి చేశాక ఉప్పు మిగులుతుంది, దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి. పైగా ఒక్క బావితో పని జరగదు. పొలాల మధ్య పదులు, వందల బావులు, వాటిని కలిపే రోడ్లు, పైపులైన్లు వస్తాయి. వ్యవసాయం మీద బతికే ఊరు దీన్ని వద్దనడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

1. సభతో మొదలుపెట్టకండి

సభకు వచ్చేది అప్పటికే వద్దనుకున్నవాళ్లు. మిగతా ఊరు ఇంట్లోనే ఉంటుంది. మర్నాడు కంపెనీ మనిషి కలెక్టరు దగ్గర కూర్చుని "నలుగురు ఉద్యమకారులు తప్ప ఊళ్లో ఎవరికీ అభ్యంతరం లేదండీ" అంటాడు. కాదని చూపించడానికి మీ చేతిలో ఏ కాగితమూ ఉండదు.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు ఈశాన్య మూలన నార్తర్న్ రివర్స్ అనే ప్రాంతం ఉంది. అక్కడ 2012లో ది ఛానన్ అనే చిన్న ఊరివాళ్లు వేరే పని చేశారు. ఎవరి రోడ్డులో వాళ్లే ఇంటింటికీ వెళ్లారు. అడిగింది ఒక్కటే ప్రశ్న: మన రోడ్డు గ్యాస్ క్షేత్రం కాకుండా ఉండాలని మీరు కోరుకుంటున్నారా? జవాబులు మూడు: అవును, కాదు, తెలియదు. ఉపన్యాసం లేదు, కరపత్రం లేదు. రోడ్డు మొత్తం పూర్తయ్యాక లెక్క చూసుకుని, తమది గ్యాస్ క్షేత్రాలు లేని ప్రాంతమని బహిరంగంగా ప్రకటించి బోర్డు నాటారు. ఆ పద్ధతి ఊరి నుంచి ఊరికి పాకింది. ఒకదాని తర్వాత ఒకటి చాలాచోట్ల తొంభై శాతానికి పైగా ఒకే జవాబు వచ్చింది. 2012 సెప్టెంబరు స్థానిక ఎన్నికల్లో లిస్మోర్ నగర కౌన్సిల్ ఇదే విషయమై ఓటర్లను అధికారికంగా అడిగితే 87 శాతం మంది వద్దన్నారు.

ఇంటింటి లెక్కకు ఉన్న బలం సంఖ్యలోనే లేదు. పక్కింటావిడ ఏమనుకుంటోందో తెలియక ఎవరికి వారు భయపడి ఊరుకునే స్థితి ఆ లెక్కతో పోతుంది. మన ఊళ్లలో అయితే పాసుపుస్తకం ఉన్నవాళ్లను మాత్రమే అడిగి ఆగిపోకండి. కౌలు రైతు, కూలి, ఎస్సీ కాలనీ, చేపల చెరువు మీద బతికేవాళ్లు, అందరిదీ అదే భూగర్భజలం. ఇంటి యజమాని జవాబు రాసుకుని వచ్చేయకుండా ఇంట్లో ఆడవాళ్ల జవాబు విడిగా రాయండి.

2. కావాలన్నవాళ్లతో వాదించకండి

లెక్కకు వెళ్లినప్పుడు "రానివ్వండి, మా అబ్బాయికి ఉద్యోగం వస్తుంది" అనేవాళ్లు ఉంటారు. కావాలి అని రాసుకుని, నమస్కారం పెట్టి పక్కింటికి వెళ్లండి. "తెలియదు" అన్నవాళ్ల మాటా అలాగే రాయండి. నూటికి నూరు వచ్చిందంటే ఏ అధికారీ నమ్మడు. నిజాయితీగా రాసిన తొంభైని కొట్టిపారేయడం కష్టం.

ఇంకో కారణం ఉంది. కంపెనీకి స్థలం ఇచ్చేది కూడా మీ ఊరి రైతే. నార్తర్న్ రివర్స్‌లో బెంట్లీ అనేచోట బావికి చోటిచ్చింది ఒక రైతు, దాన్ని అడ్డుకునే శిబిరానికి చోటిచ్చింది పొరుగు రైతు. రిగ్గు వెళ్లిపోయాక కూడా వాళ్లు ఒకే ఊళ్లో బతకాలి. అప్పుల వల్ల సంతకం పెట్టినవాణ్ణి ద్రోహి అంటే, మనసు మార్చుకోవాలనుకున్న రోజున అతనికి తిరిగొచ్చే దారి ఉండదు.

3. ప్రజాభిప్రాయ సేకరణ కోసం ఎదురు చూడకండి

"ఎలాగూ పబ్లిక్ హియరింగ్ పెడతారు, అప్పుడు గట్టిగా మాట్లాడదాం" అనుకోవడం సహజం. కానీ 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ నిబంధన మార్చింది. చమురు, గ్యాస్ అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని తేల్చింది. మిమ్మల్ని అడిగే రోజు వచ్చేసరికి మొదటి బావులు తవ్వేసి ఉండవచ్చు.

కాబట్టి ఎవరూ అడగకముందే చెప్పండి. ఇంటింటి లెక్క పూర్తికాగానే గ్రామసభ పెట్టించి తీర్మానం చేయించండి. సంతకాలు, వేలిముద్రలతో ఆ తీర్మానం నకలు కలెక్టరుకు, కాలుష్య నియంత్రణ మండలికి, ఎమ్మెల్యేకు, ఎంపీకి, కంపెనీకి పంపి రసీదులు దాచండి. కావేరి డెల్టా ఊళ్లు ఇలాగే గ్రామసభల్లో తీర్మానాలు చేశాయి. మీది ఏజెన్సీ ప్రాంతమైతే 1996 నాటి పెసా చట్టాన్నీ అందులో ప్రస్తావించండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలని అది చెబుతోంది. గోదావరి లోయ బొగ్గు ఉన్నది ఎక్కువగా అలాంటి నేల పక్కనే.

4. నాయకుణ్ణి వెతకకండి, అమ్మమ్మలకు కుర్చీలు వేయండి

ఒక్క నాయకుడుంటే అతన్ని అరెస్టు చేస్తే చాలు, లేదా కొనేస్తే చాలు. లిస్మోర్‌లో 2012లో కొందరు పెద్ద వయసు ఆడవాళ్లు తమ నియోజకవర్గ శాసనసభ్యుడి కార్యాలయం ముందు కుర్చీలు వేసుకుని వారం వారం ఊలు అల్లుతూ కూర్చోవడం మొదలుపెట్టారు. తమకు నిటింగ్ నానాస్ అని పేరు పెట్టుకున్నారు. పసుపు, నలుపు ఊలుతో అల్లారు. నినాదాలు ఇచ్చే గుంపును పక్కకు నెట్టడం పోలీసులకు అలవాటే. అల్లుకుంటున్న అమ్మమ్మ మీద చెయ్యి వేయాలంటే ఏ పోలీసైనా ఆలోచిస్తాడు. రోడ్డున పోయేవాళ్లు కూడా ఆగి ఎందుకు కూర్చున్నారని అడుగుతారు. చూస్తుండగానే ఇలాంటి బృందాలు ఇతర ఊళ్లలో పుట్టుకొచ్చాయి.

కావేరి డెల్టా పోరాటానికి పెద్ద గొంతు ప్రకృతి వ్యవసాయ శాస్త్రవేత్త నమ్మాళ్వార్. మన్నార్‌గుడి ప్రాంతంలో బొగ్గు పొరల మీథేన్ తీయడానికి 2010లో ఒక కంపెనీకి బ్లాకు ఇచ్చారు. దానికి వ్యతిరేకంగా ఆయన ఊరూరా తిరిగారు. ఆ పర్యటనల్లోనే 2013 డిసెంబరు 30న కన్నుమూశారు. అంతటి మనిషి పోయినా పని ఆగలేదు, ఎందుకంటే అప్పటికే ఆ మాట ఊళ్లది అయింది. 2015 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం ఆ పథకానికి శాశ్వతంగా అనుమతి లేదని ప్రకటించింది. గొప్ప మనిషి దొరికితే సంతోషించండి. దొరికేదాకా మాత్రం ఆగకండి.

5. రేటు అడగకండి

ఎకరాకు ఎంతిస్తారని ఒక్కసారి అడిగారంటే ఇక జరిగేది బేరమే. అప్పటి నుంచి కంపెనీ ఊరితో మాట్లాడదు, ఒక్కో ఇంటితో విడివిడిగా మాట్లాడుతుంది.

ఆస్ట్రేలియా రైతుకు పైన నేల మాత్రమే సొంతం. కింద గ్యాస్ ప్రభుత్వానిది, లైసెన్సు ప్రభుత్వం ఇస్తుంది. ఒంటరి రైతు కాదంటే నిలబడేది తక్కువ. అందుకే 2010లో పుట్టిన లాక్ ది గేట్ సంఘం రైతులకు ఒకే మాట చెప్పింది: కంపెనీని లోపలికి రానివ్వబోమని అందరూ కలిసి చెప్పండి. గేటు గేటుకూ పసుపు పచ్చటి త్రికోణపు బోర్డులు వేలాడాయి. సంప్రదాయవాది అయిన పశువుల రైతూ పర్యావరణవాద గ్రీన్స్ పార్టీ కార్యకర్తా ఒకే వరసలో నిలబడ్డారు.

మీ పొలానికి వచ్చే డబ్బు మీది. బోరులో తగ్గే నీళ్లు మాత్రం పక్క పొలానివి కూడా. అడగని పొరుగువాడి నష్టానికి ఏ రేటూ లేదు. రేపు చట్టం బలవంతంగా భూమి తీసుకుంటే పరిహారంలో రూపాయి కూడా వదలొద్దు. అది ఓడిపోయాక చేసే పని. మొదటి రోజే చేస్తే ఓడిపోయినట్టే.

6. భయపెట్టకండి

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో చించిల్లా దగ్గర కండమైన్ నది నీళ్లలో మీథేన్ బుడగలు వచ్చాయి. 2016 ఏప్రిల్‌లో న్యూ సౌత్ వేల్స్ శాసనమండలి సభ్యుడొకడు పడవలో కూర్చుని వాటికి నిప్పంటించాడు. నది మండుతున్న ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. వెంటనే వాదన దారి తప్పింది. ఆ బుడగలు గ్యాస్ తవ్వకాల వల్ల వచ్చాయా, సహజంగా వచ్చాయా అన్నదే చర్చ అయింది. మీరు రుజువు చేయలేని ఒక్క మాట చెబితే, రుజువైన పది మాటలూ దానితోపాటు అనుమానంలో పడతాయి.

న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం తన ముఖ్య శాస్త్రవేత్త మేరీ ఓకేన్‌తో సమీక్ష చేయించింది. గట్టి నిబంధనలు, మంచి ఇంజనీరింగ్, నిరంతర పర్యవేక్షణ ఉంటే ప్రమాదాలను చాలావరకు అదుపులో పెట్టవచ్చని 2014లో ఆమె నివేదిక ఇచ్చారు. ఈ నివేదికను దాచకండి. మీరే చదివి వినిపించి అడగండి: ఆ పర్యవేక్షణ మా మండలంలో ఎవరు చేస్తారు? బావులెన్ని? రోజుకు ఎన్ని లీటర్ల నీళ్లు తోడతారు? ఆ ఉప్పు ఎక్కడ పోస్తారు? కంపెనీ దివాలా తీస్తే బావులు మూసేదెవరు?

కోనసీమకు ఈ ప్రశ్నల బరువు బాగా తెలుసు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని అరవై రోజులకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఈ రెండూ బొగ్గు పొరల గ్యాస్ వల్ల జరిగినవి కావు. ఆ సంగతి ముందే చెప్పి, తర్వాత అడగండి: అప్పుడు బాధ్యత ఎవరు తీసుకున్నారు, ఇప్పుడు ఎవరు తీసుకుంటారు?

7. కోర్టు తీర్పు మీద ఆశలన్నీ పెట్టుకోకండి

బెంట్లీలో 2014లో మెట్‌గ్యాస్కో కంపెనీ ఒక బావి తవ్వబోయింది. అది ఇసుకరాతి పొరల్లో గ్యాస్ కోసం వేసే బావి. కానీ బొగ్గు పొరల గ్యాస్ మీద ఏళ్ల తరబడి లెక్క కట్టుకున్న ఊళ్లు దాన్ని వేరుగా చూడలేదు. ఫిబ్రవరి నుంచి పొరుగు పొలంలో శిబిరం వేశారు. రిగ్గు ఏ తెల్లవారుజామున వస్తుందో తెలియదు కాబట్టి, చీకటితోనే లేచి రైతులు, టీచర్లు, ముసలివాళ్లు గేట్ల దగ్గర నిలబడ్డారు. పిలుపు వచ్చిన రోజుల్లో వేల మంది చేరారు. రాళ్లు విసరలేదు. వందల మంది పోలీసులతో శిబిరాన్ని ఎత్తేయించే ఏర్పాట్లు జరుగుతుండగా, మే 15న ప్రభుత్వం ఆ బావి అనుమతిని నిలిపేసింది. ప్రజలతో సరిగా సంప్రదించలేదన్నది చెప్పిన కారణం.

తర్వాత ఏమైందో జాగ్రత్తగా గమనించండి. కంపెనీ కోర్టుకు వెళ్లింది. 2015 ఏప్రిల్‌లో గెలిచింది. నిలిపివేత చట్టవిరుద్ధమని తీర్పు వచ్చింది. అయినా బావి పడలేదు. అదే ఏడాది చివర ప్రభుత్వం 2.5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లిచ్చి కంపెనీ లైసెన్సులను వెనక్కి కొనేసింది. తీర్పు కంపెనీది, నేల మాత్రం ఊరిది.

దీనికి ఎదురుగా అదే రాష్ట్రంలో నారబ్రై ఉంది. పిల్లిగా అడవిలో సాంటోస్ కంపెనీ ప్రతిపాదించిన 850 బావుల మీద దాదాపు 23 వేల వినతులు వచ్చాయి, అత్యధికం వద్దనే. 2020 సెప్టెంబరు 30న షరతులతో అనుమతి ఇచ్చేశారు. ఆ నేల ఆదివాసులైన గొమెరోయ్ ప్రజలు అక్కడితో ఆగక న్యాయపోరాటం కొనసాగించారు. వినతులు రాయండి, కేసులు వేయండి, లాయరు మాట వినండి. కానీ అవన్నీ ఊరి నిలకడకు తోడు మాత్రమే. ఊరు నిలబడకుండా అవి ఒంటరిగా నిలబడవు.

8. గెలిచిన రోజున ఇంటికి వెళ్లకండి

కావేరి డెల్టాలో 2015లో మీథేన్ పథకం పోయింది. 2017 ఫిబ్రవరిలో నెడువాసల్‌లో హైడ్రోకార్బన్ పథకం పేరుతో తవ్వకాలు మళ్లీ ముందుకొచ్చాయి. అదే ఏడాది జూన్‌లో కదిరామంగళంలో చమురు పైపు పగిలి పొలంలో పారితే, ఊరివాళ్లు రోడ్డెక్కి అరెస్టులు ఎదుర్కొన్నారు. 2020లో డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ రాష్ట్రం చట్టం చేసింది. అప్పటికే నడుస్తున్న బావులను అది ముట్టుకోలేదు. 2023లో కేంద్రం వేలానికి పెట్టిన బొగ్గు బ్లాకుల్లో డెల్టా ప్రాంతపువి కూడా కనిపించాయి. చట్టం చేతిలో ఉండబట్టి రాష్ట్రం వెంటనే అభ్యంతరం చెప్పగలిగింది, ఏప్రిల్‌లో వాటిని వేలం నుంచి తప్పించారు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం ఇంకో అడుగు వేసింది. ఫ్రాకింగ్‌ను (ఒత్తిడితో నీళ్లు పంపి రాతి పొరలను పగలగొట్టి గ్యాస్ తీసే పద్ధతిని), బొగ్గు పొరల గ్యాస్‌ను నిషేధిస్తూ 2017లో చట్టం చేసి, 2021లో ఫ్రాకింగ్ నిషేధాన్ని తన రాజ్యాంగంలోకే ఎక్కించింది. మంత్రి మారితే జీవో మారుతుంది. రాజ్యాంగంలో రాసింది అంత తేలిగ్గా మారదు.

అందుకే ఊరి లెక్క పుస్తకాన్ని మూయకండి. ఊరికి కొత్తగా వచ్చిన కోడళ్లను, కొత్తగా ఓటొచ్చిన పిల్లలను అడిగి ఏటా తాజా చేయండి. మంత్రి ఊరికొచ్చి "నేనున్నాను, బావి రానివ్వను" అంటే చప్పట్లు కొట్టండి, ఆ పైన అదే మాటను శాసనసభలో బిల్లుగా పెట్టమని అడగండి. ఎన్నికలకు ముందు ప్రతి అభ్యర్థినీ ఇదే అడగండి, జవాబు రాసిపెట్టండి. బిల్లు చట్టమయ్యేదాకా గెలిచామని అనుకోవద్దు.