నేను పెట్టిన పొగ

ఇంటి పనుల్లో నాకు తెలిసింది తక్కువ, మాట్లాడేది ఎక్కువ. ఆ సంగతి మా ఇంటిల్లిపాదికీ ఎప్పుడో తెలుసు. అటక మీది గబ్బిలాలకు మాత్రం పోయిన వేసవిలో తెలిసింది.

కొత్త ఆవకాయకు జాడీలు దింపబోతే, మూతలకు కట్టిన గుడ్డల మీద బియ్యపుగింజలంత నల్లటి పెంటికలు. ఎలుకలవేనని తేల్చేసి బోను పెట్టాను. ఎలుక పెంటిక గట్టిగా ఉంటుంది. గబ్బిలానిది పుల్లతో నొక్కితే పొడైపోతుంది, అందులో పురుగుల రెక్కల తునకలు మెరుస్తాయి. ఆ తేడా నాకేం తెలుసు? దీపాలవేళ చూరు సందులోంచి ఒక్కొక్కటే జారి ఎగిరిపోతుంటే మా ఆవిడే చూపించింది. "ఏమండీ, మీ ఎలుకలకు రెక్కలొచ్చాయి."

గబ్బిలం దూరిన కొంప పాడుబడుతుందని అమ్మ బెంగ. ఆవిడకు ఉపన్యాసమిచ్చాను. 2018లో కోజికోడ్‌లో నిపా వైరస్ వచ్చినప్పుడు అందరూ చెప్పుకున్నది పళ్లు తినే పెద్ద గబ్బిలాల గురించని, మనవి దోమల్నీ పురుగుల్నీ తినే చిన్నవని. ఇంత తెలిసినవాణ్ని చేసిన పని చూడండి.

మిట్టమధ్యాహ్నం నిచ్చెనెక్కి చూరు సందులన్నీ సిమెంటుతో పూడ్చేశాను. రాత్రి తిరిగేవి పగలు లోపలే ఉంటాయన్న ఆలోచనే రాలేదు. ఆపైన వేపాకూ ఎండుమిరపకాయలూ వేసి పొగబెట్టాను. బయటి దారి మూసేశాను గనుక అవి అటక చెక్కల సందుల్లోంచి నడింట్లోకి దిగాయి. అమ్మ కొంగు నెత్తిన కప్పుకుని దేవుడి గదిలోకి, మా ఆవిడ దగ్గుకుంటూ వీధిలోకి పరుగు. మిరపఘాటుకు కళ్లు కనబడక నేను గడప తన్నుకుని బోర్లా పడ్డాను. ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది. చివరికి మా ఆవిడే వచ్చి ఫ్యాను ఆపి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచింది. చీకటి పడ్డాక వాటి దారిన అవే పోయాయి.

మర్నాడు సిమెంటు ఊడగొట్టడానికొచ్చిన తాపీమేస్త్రి అడిగాడు: "తలుపేసేసి బయటికి పొమ్మంటే ఎటు పోతాయండీ, బాబుగారూ?"

టార్చి వేసి చూస్తే వాసాన్ని కరుచుకుని బొటనవేలంత కూన. తల్లి మేతకు వెళ్తూ పిల్లను అక్కడే వదిలి వెళ్తుంది. ఇంకొన్నాళ్లు ఆ సందు మూసి ఉంటే అది ఆకలికి చచ్చేది. ఆ మాట మాత్రం నవ్వుతూ చెప్పలేను.

పిల్లలకు ఎగరడం వచ్చేదాకా ఆగి, మేస్త్రి సందు మీద వల వేలాడదీశాడు. కింది అంచు వదులుగా ఉంచాడు. బయటికి జారగలవు, తిరిగి దూరలేవు. లోపల అలికిడి పూర్తిగా ఆగాకే సిమెంటు పూశాడు. పెంట మాత్రం నా వంతు. పొడిగా ఊడిస్తే ఆ ధూళిలోని బూజు ఊపిరితిత్తులకు ముప్పు. అందుకే మాస్కు కట్టుకుని, నీళ్లు చల్లి తీశాను.

మీ అటక మీద రెక్కల చప్పుడు వినిపిస్తే సిమెంటు కలిపే ముందు ఒక సాయంత్రం చూరు కింద నిలబడి చూడండి. గబ్బిలాన్ని ఉత్త చేత్తో పట్టుకోకండి. కరిచినా గీరినా సబ్బుతో కడుక్కుని రేబీస్ టీకాకు వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. నాలాంటివాడెవడైనా సలహా ఇవ్వబోతే వినకండి, మేస్త్రినడగండి.