కల్కి నాలుగు లక్షల ఏళ్లు ముందొచ్చాడు, మనం టీవీ కట్టేశాం

2025 జనవరి 12, ఆదివారం. తెల్లారితే భోగి. సాయంత్రం ఐదున్నరకి జీ తెలుగు వారు 873 ఏళ్ల తర్వాతి లోకాన్ని తీసుకొచ్చి మన హాల్లో దింపారు. ‘కల్కి 2898 ఏడీ’, టీవీలో మొట్టమొదటిసారి. అమితాబ్ బచ్చన్ ఉన్నాడు, కమల్ హాసన్ ఉన్నాడు, దీపికా పదుకోణె ఉంది, వీళ్లందరి నడుమ మన మొగల్తూరు రాజుగారి కుర్రాడు ప్రభాస్ ఉన్నాడు. థియేటర్లలో వెయ్యి కోట్లు దాటిందని నిర్మాతలే దండోరా వేసుకున్న బొమ్మ. ఊరినిండా చుట్టాలు, పళ్లెం నిండా అరిసెలు, సెలవు రోజు, మనవాడి సినిమా. ఇంతకన్నా మంచి ముహూర్తం ఏ సిద్ధాంతిగారూ పెట్టలేరు. తీరా లెక్క తేలేసరికి టీఆర్పీ ఐదు చిల్లర. రోజూ రాత్రి వచ్చే అత్తాకోడళ్ల సీరియల్ చీరకొంగు దులుపుకుంటూ దాన్ని దాటుకుపోయింది.

సినిమా పండితులు కారణాలు వెతికారు. అంతకు ముందు ఆగస్టు 22 నుంచే ఓటీటీలో ఉంది కదా, చూసేవాళ్లంతా చూసేశారన్నారు. ఈ వాదన మిగతా ప్రపంచంలో చెల్లుతుందేమో గానీ గోదావరి జిల్లాల్లో చెల్లదు. చూసేసిన సినిమా మళ్లీ చూడటానికే మనం టీవీ కొన్నాం. 1957 నాటి ‘మాయాబజార్’ ఇవాళ వేసినా, ఘటోత్కచుడు లడ్డూలు మింగే వేళకి వంటింట్లోంచి అందరూ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడతారు. కథ తెలియడం మనకి అడ్డం కాదు. కథ తెలియకపోవడమే అడ్డం.

ఇక మన సంజాయిషీ మనకుంది. బార్క్ సంస్థ దేశం మొత్తం మీద 50,000 పైచిలుకు ఇళ్లలో మీటర్లు బిగించి, ఎవరు ఏది చూస్తున్నారో కనిపెట్టి, దాన్ని కోట్ల ఇళ్ల తీర్పుగా చెబుతుంది. ఆ మీటరు మా ఇంట్లో లేదు కాబట్టి ఆ పాపం మాకు అంటదని ప్రతి ఇల్లూ చేతులు కడిగేసుకుంది. ప్రభాస్ మావాడే అంటూ ఊళ్లో ఫ్లెక్సీ కట్టిన చేతులే అవి. మావాడే గనక చూడక్కర్లేదు. పెళ్లివారింట్లో సొంతవాళ్లకి ఎవరైనా మర్యాదలు చేస్తారా?

ఆ సాయంత్రం డెల్టా హాళ్లలో వినిపించిన విమర్శలు ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకవు. మొదటి అభ్యంతరం పంచాంగం తెలిసిన పెద్దాయనది. కలియుగం పరిమాణం 4,32,000 ఏళ్లు. మొదలైంది క్రీస్తుపూర్వం 3102లో. సినిమా లెక్క ప్రకారం 2898కి గడిచింది సుమారు 6,000 ఏళ్లు. అంటే ఇంకా 4,26,000 ఏళ్లు బాకీ ఉండగానే కల్కి కడుపులో పడ్డాడు. “ఏవండీ, మన పండగ స్పెషల్ రైలేమో నాలుగ్గంటలు లేటండి, అవతారపురుషుడేమో నాలుగు లక్షల ఏళ్లు ముందంట! ఎవడండీ వీళ్ల స్టేషన్ మాస్టరు?” అన్నాడాయన, కాళ్లు చాపుకుని. గురుత్వాకర్షణని ధిక్కరించి గాల్లో వేలాడే కట్టడం ఆయన్నేం ఇబ్బంది పెట్టలేదు. తలకాయ మీద మణి పెట్టుకున్న అశ్వత్థామ ఎనిమిదడుగుల ఎత్తున లేచి నిలబడితే, ఔను మరి చిరంజీవి కదా అన్నాడు. తిథి వార నక్షత్రాల్లో తేడా మాత్రం ఒప్పుకోడు. ఈ మాత్రం శ్రద్ధ ఆయన తన పొలం పాస్‌బుక్కు మీద పెట్టుంటే సర్వే నంబరు సగం పక్కవాడి పేరున ఎక్కేది కాదు.

రెండో అభ్యంతరం బుజ్జి మీద. బుజ్జి అంటే సినిమాలో ప్రభాస్, అంటే భైరవ, తిరిగే కారు. కీర్తి సురేష్ గొంతుతో మాట్లాడుతుంది, కోపమొస్తే మనిషిలా లేచి నిలబడుతుంది. ఉత్త గ్రాఫిక్స్ కూడా కాదు, నిజంగానే ఆరు టన్నుల బండి తయారు చేయించి ఊళ్లు తిప్పారు. “అంత బరువు మన గట్ల మీద ఎలా తిరుగుద్దండీ బావగారూ, లాజిక్కుండక్కర్లేదా?” అని ఒకరు. హైదరాబాదు నుంచి దిగిన అల్లుడుగారు దానికి నిదానంగా జవాబిచ్చాడు: రావులపాలెం దాటి లోపలికి వచ్చాక తన కారు నాలుగుసార్లు కింద తగిలిందనీ, ఈ రోడ్లకి తగ్గ వాహనం ప్రపంచంలో ఇదొక్కటే కనిపిస్తోందనీ. మావయ్యగారు వెంటనే సున్నుండల డబ్బా ఆయన ముందుకి జరిపారు. మా వైపు అల్లుడి నోరు మూయించడానికి ఇంతకన్నా నాగరికమైన పద్ధతి లేదు. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించారంటే, ఆ కుర్రాడు ఎన్ని ప్రశ్నలు అడుగుతాడని భయపడ్డారో మరి.

మూడో అభ్యంతరం దగ్గర కొంచెంసేపు ఆగాలి. సినిమాలో గంగ ఎండిపోయింది. కాశీ ఒక్కటే మిగిలిన ఊరు. చుక్క నీళ్లకి జనం కొట్టుకు చస్తుంటారు. నీళ్లూ పచ్చదనమూ సముద్రమూ అన్నీ పైన వేలాడే కాంప్లెక్స్‌లోనే ఉంటాయి, అక్కడికి వెళ్లాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలి. ఇది చూసి డెల్టా ప్రేక్షకుడు ఫకాలున నవ్వాడు. నమ్మబుద్ధి కాలేదన్నాడు. పక్కన నది పెట్టుకుని మంచినీళ్లు కొనుక్కునే జనం ఎక్కడైనా ఉంటారా, రాసేవాడికి బుద్ధుండాలి అన్నాడు. సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగింది. కుర్రాడు ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను భుజానికెత్తుకుని వచ్చి, ఖాళీ టిన్ను పట్టుకెళ్లాడు. చుట్టాలొచ్చారు కదా, రేపు ఇంకో రెండు ఎక్కువ వెయ్యమని చెప్పి డబ్బులిచ్చి మళ్లీ టీవీ ముందు కూర్చున్నాడు మనవాడు. నవ్వు ఎక్కడ ఆపాడో అక్కణ్నుంచే అందుకున్నాడు.

అదేం ఊరు? ఒక పక్క గౌతమి పాయ, ఒక పక్క వశిష్ఠ పాయ. 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టి, కాలవలు తవ్వించి, అన్నం పెట్టిన నేల. దొరగారికి ఊరూరా విగ్రహం పెట్టాం, దండలేస్తున్నాం, పిండాలు కూడా పెట్టాం. ఆయన తవ్విన కాలవల్లోకి మాత్రం చెరువుల మురుగు వదిలాం. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వరిచేలు రొయ్యల చెరువులై, బోరు వేస్తే ఉప్పునీళ్లు పడే చోట్లు ఎన్నో. వేసవిలో కాలవలు కట్టేస్తే చెరువుకి ఎంత నీళ్లు పట్టాలో, తాగడానికి ఎంత ఉంచాలో అని పంచాయితీలు. దర్శకుడు నాగ్ అశ్విన్ 2898 దాకా వెళ్లి సెట్టింగులు వేసి, వందల కోట్లు తగలేసి చూపించింది ఆకివీడులో బస్సు దిగితే కనపడుతుంది. అందుకేనేమో మనకి విసుగొచ్చింది. టిక్కెట్టు కొని చూసే దరిద్రం వేరు, ఇంట్లో ఉన్నది వేరు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. భవిష్యత్తంటే గోదావరి వాళ్లకి గిట్టదనుకోవడం పొరపాటు. భవిష్యత్తు మీద మనకున్నంత పరిశోధన నాసాకి కూడా లేదు. కోడిపందేల వాళ్ల కుక్కుట శాస్త్రం తెరిచి చూడండి. ఏ వారం, ఏ జాములో డేగ రంగు పుంజు గెలుస్తుంది, కాకి ఎప్పుడు ఓడుతుంది, నెమలిని ఏ దిక్కు నుంచి దింపాలి, అన్నీ ఉంటాయి. మర్నాడు పొద్దున బరిలో పందెం కాయబోయే మనిషి ఆ ఆదివారం సాయంత్రం 873 ఏళ్ల తర్వాత ఏమవుతుందో తెలుసుకుని ఏం చేసుకుంటాడు? అతనికి కావలసింది పద్నాలుగు గంటల తర్వాతి భవిష్యత్తు. అది జీ తెలుగులో వెయ్యరు.

ఆ పందేల ముందు మన పోలీసు శాఖ వారు విడుదల చేసే ప్రకటన ఉందే, అది అసలైన వైజ్ఞానిక కల్పన. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి జూద నిరోధక చట్టం, రెండూ ఉటంకిస్తూ, ఈసారి ఒక్క కోడీ ఎగరదని ఏటా ఢంకా బజాయిస్తారు. మర్నాడు బరుల చుట్టూ ఫ్లడ్‌లైట్లు, ఎల్ఈడీ తెరలు, పెద్దమనుషులకి సోఫాలు. పైన డ్రోను తిరుగుతుంటుంది. అది నిఘా డ్రోనో, పందెం వీడియో తీసే డ్రోనో కనిపెట్టగలవాడు పుట్టలేదు. కాలికి కత్తి కట్టుకున్న పుంజు తలెత్తి ఆ యంత్రాన్ని చూస్తుంది. పుంజు, డ్రోను, కింద రిబ్బను కత్తిరించే ప్రజాప్రతినిధి. ఇంత ఖరీదైన ఫ్రేము తీయడం హాలీవుడ్ వాళ్ల వల్ల కాదు. దీని టీఆర్పీ కొలిచే మీటరే ఉండుంటే బద్దలయ్యేది.

పండక్కి వైజ్ఞానిక కల్పన వడ్డించే అలవాటు మనది కాదు లెండి, తెల్లదొరలది. 1963లో మొదలైన ‘డాక్టర్ హూ’ సీరియల్‌కి 2005 నుంచి క్రిస్మస్ నాడు ప్రత్యేక భాగం వేస్తూ వచ్చింది బీబీసీ. మధ్యలో దాన్ని కొత్త సంవత్సరం రోజుకి జరిపితే ఇంగ్లండు వాళ్లు సణిగి సణిగి, 2023లో మళ్లీ క్రిస్మస్‌కే రప్పించుకున్నారు. అమెరికావాళ్ల కథ ఇంకోలా ఉంది. 1978 నవంబరు 17న ‘స్టార్ వార్స్’ పేరుతో పండగ కార్యక్రమం ఒకటి టీవీలో వేశారు. చూసినవాళ్లు తిట్టిన తిట్లకి అది మళ్లీ అమెరికాలో ఏ ఛానల్లోనూ కనపడలేదు. అంత సిగ్గు మన ఛానళ్లకి లేదు. సంక్రాంతికి పండనిది ఉగాదికి, ఉగాదికి కాయనిది వినాయక చవితికి వడ్డించి, ప్రతిసారీ ‘ప్రత్యేకం’ అని పైన పెసరపప్పు చల్లుతారు.

ఆ ‘ప్రత్యేక’ కార్యక్రమాల సంగతి సరేసరి. పండగకి చాలా ముందే హైదరాబాదు స్టూడియోలో తాటాకు కొంపలు, ప్లాస్టిక్ అరటిచెట్లు, రంగు వేసిన ఎద్దు. డిసెంబరు మధ్యాహ్నం ఏసీలో వాళ్లు భోగిమంట చుట్టూ చలి కాచుకుంటారు. కాలయంత్రం ఇంకెలా ఉంటుంది? అందులో యాంకరమ్మ “ఆయ్, మా గోదారోల్లమండి” అంటూ పులస పులుసు గురించి నోరూరిస్తుంది. పులస వరదగోదారి చేప, శ్రావణంలో దొరికేది. జనవరిలో పులస ఈదాలంటే ‘ఆదిత్య 369’ సినిమాలోని కాలయంత్రం నదిలోకి దింపాలి. మనం ఇదంతా తిట్టుకుంటూ చివరి పాట దాకా చూస్తాం. లాజిక్ అనే మాట అప్పుడెవరి నోటా రాదు.

‘ఆదిత్య 369’ అనగానే గుర్తొచ్చింది. సింగీతం శ్రీనివాసరావు ఈ జనం నాడి 1991లోనే పట్టేశాడు. యంత్రమెక్కించి ముందు 1526కి తీసుకెళ్లాడు. కృష్ణదేవరాయల కొలువు, తెనాలి రామకృష్ణుడు, రాజనర్తకి, పద్యాల వాసన. కడుపు నిండాక నెమ్మదిగా 2504కి తిప్పి తెచ్చాడు. బయటికొచ్చిన జనం రాయలవారి గురించి మాట్లాడుకున్నారు, ఇప్పటికీ మాట్లాడుకుంటున్నారు. 2504లో ఏం జరిగిందో పదిమందిని అడిగి చూడండి, ఎక్కువమంది తల గోక్కుంటారు. నాగ్ అశ్విన్ కూడా కురుక్షేత్రంతో మొదలెట్టి, చివర్లో కర్ణుణ్ని నిలబెట్టాడు గానీ, నడుమ చాలాసేపు మనల్ని మన మానాన భవిష్యత్తులో వదిలేశాడు. అక్కడే రిమోట్ పని చేసింది.

అసలు చురక మార్చి 1న తగిలింది. శివరాత్రి వెళ్లిన మూడో రోజు, అదే జీ తెలుగులో, ‘సంక్రాంతికి వస్తున్నాం’ వేశారు. పేరేమో సంక్రాంతి, వచ్చిందేమో మార్చి. భోగిమంటల బూడిద కూడా మిగల్లేదు, చలి శివశివా అని వెళ్లిపోయింది. అనిల్ రావిపూడి తీసిన ఆ సినిమాలో వెంకటేష్‌ది మన రాజమండ్రి కాపురం. ఇంట్లో పెళ్లాం, బయట పాత ప్రేయసి, ఇద్దరి నడుమ నలిగే మగాడు. ఎన్ని వందల ఏళ్లు ముందుకెళ్లినా వెనక్కెళ్లినా ఇందులో మార్పుండదు. టీఆర్పీ పదిహేను దాటింది. కాశీకి మూడింతలు! మీటర్లు మా ఇంట్లో లేవన్నవాళ్లు కూడా ఈసారి మేమే గెలిపించామన్నారు.

అలాగని డెల్టావాళ్లకి భారీతనం తెలియదని ఎవరైనా అంటే కనుమ రోజు మన జగ్గన్నతోట తీర్థానికి తీసుకెళ్లి నిలబెట్టండి. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు వస్తారు. వెదురూ తాళ్లూ రంగు గుడ్డలతో కట్టిన ప్రభలు, మనుషుల భుజాల మీద, పచ్చటి చేలకి అడ్డంపడి, కౌశిక నది దాటుకుని. దించకూడదు, ఒరగకూడదు. నీళ్లలో మెడ దాకా మునిగినవాడు కూడా భుజం తీయడు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీ వీధుల్లో శకటంగా తిప్పిన వైభవం అది. అక్కడ తడిసొచ్చినవాడికి గ్రాఫిక్స్ యుద్ధం చూపించి చప్పట్లు కొట్టమంటే కొట్టడు, అందులో అతని తప్పేమీ లేదు. ప్రభ మోసిన చేలోనే వచ్చే ఏడాది రొయ్యల చెరువు తవ్వితే అడ్డం చెప్పడు, తప్పేదైనా ఉంటే అదీ.

ఇక రెండో భాగం రావాలి. అందులో, కల్కిని కడుపున మోసే తల్లిగా వేసిన దీపికా పదుకోణె ఉండరని 2025 సెప్టెంబరులో నిర్మాతలైన వైజయంతీ మూవీస్ వారు ప్రకటించారు. దేశమంతా కారణాల కోసం కొట్టుకుంది. పారితోషికమా, పనిగంటలా, అభిప్రాయభేదాలా అని చర్చలు. మొదటి భాగం సగంలో లేచి వెళ్లి పిండివంటల చట్టి దించొచ్చిన మా పక్కింటి పెద్దావిడకి మాత్రం ఇందులో చర్చించడానికేమీ కనపడలేదు.

“నెలలు నిండిన పిల్ల కదమ్మా, పురిటికి పుట్టింటికి పంపుంటారు,” అంది జంతికల గొట్టం కడుక్కుంటూ.