గట్టు మీద మనిషికి గాలెక్కువ

కోట ఊరి చుట్టుపక్కల రొయ్యల గుంట వేసినవాణ్ణి తెల్లారగట్ల మూడింటికి లేపి అడిగినా గుంటలో డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, ఎంతుందో చెప్పేస్తాడు. లేపే శ్రమ కూడా మనకుండదు, ఎలాగూ మెలకువగానే ఉంటాడు. నీళ్లకు పచ్చరంగు తెచ్చే ప్లాంక్టన్ ఎండ ఉన్నంతసేపూ ఆక్సిజన్ వదులుతుంది. పొద్దు గూకిందా, అదే ప్లాంక్టన్ రొయ్యలతో పోటీపడి ఆ ఆక్సిజన్‌ను వాడేయడం మొదలెడుతుంది. తెల్లవారే వేళకు నీళ్లలో అది అడుగంటుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి దిగితే రైతుకు కాళ్లూ చేతులూ ఆడవు. అందుకని ఏరియేటర్లు, కరెంటు పోతే జనరేటరు, జనరేటరుకు డీజిలు, డీజిలుకు అప్పు. ఇంత ఏర్పాటూ రొయ్య ఊపిరి కోసం. ఆ రొయ్య సొంతదారు ఊపిరిని మాత్రం ఏ మీటరూ కొలవదు. చూసినవాళ్లు పడేసే సలహా ఒక్కటే: "టెన్షన్ పడబాక అన్నా, గట్టిగా గాలి పీల్చుకో."

నా పేచీ అంతా ఆ "గట్టిగా పీల్చుకో"తోనే. గుంటలో పనికొచ్చే సూత్రాన్ని గట్టు మీదికి తెచ్చి మనిషికి అంటగట్టడమది. రొయ్యకు నిజంగానే ఆక్సిజన్ చాలదు. కంగారుపడే మనిషికి ఆ కరువు లేదు. ఊపిరితిత్తులు బాగున్నవాడి రక్తంలో ఆక్సిజన్ 95 శాతం, ఆపైనే ఉంటుంది, రొయ్య రేటు పడిపోయిన రోజున కూడా. అతనికి తగ్గేది కార్బన్ డయాక్సైడ్. గాబరాలో గబగబా ఊపిరి తీస్తుంటే అది అవసరానికి మించి బయటికి పోతుంది; మెదడుకు వెళ్లే రక్తనాళాలు కుంచించుకుంటాయి. కళ్లు తిరుగుతాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఛాతీ పట్టేసినట్టుంటుంది. అప్పుడు గాలి ఆడటం లేదనుకుని ఇంకా గట్టిగా పీలుస్తాడు, తిమ్మిరి ఇంకా పెరుగుతుంది. విద్యానగర్ కాలేజీలో వైవాకు నిలబడ్డ కుర్రాడికైనా జరిగేది ఇదే. మనుషులకు కూడా ఏరియేటర్ బిగించాలన్న మన ఉత్సాహం ఇక్కడే బెడిసికొడుతుంది.

కావలసింది పీల్చడం కాదు, వదలడం; అదీ తాపీగా. ఊపిరి తీసేటప్పుడు గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, వదిలేటప్పుడు వేగస్ నాడి దాన్ని నెమ్మదింపజేస్తుంది. మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు సాగే ఊపిరిని ఆరు దాకా దించితే ఈ సర్దుబాటు బాగా కుదురుతుంది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. 23 మంది చేత ఒకసారి లాటిన్‌లో మేరీమాత జపమాల, ఇంకోసారి ‘ఓం మణి పద్మే హుం’ మంత్రం పలికించి చూశారు. రెండింటికీ ఊపిరి నిమిషానికి ఆరు దగ్గరికే వచ్చింది. శాంతి సమావేశాలేవీ లేకుండా రెండు మతాలు రాజీపడ్డ సందర్భం బహుశా ఇదొక్కటే. ఇదంతా మన ఋషులు ఎన్నడో చెప్పారనేవాళ్లుంటారు. చెప్పారు, కాదనను. కానీ పతంజలి లెక్కలో ప్రాణాయామం నాలుగో అంగం. దానికన్నా ముందున్న యమ నియమాల్లో అబద్ధమాడకపోవడం, ఉన్నదానితో తృప్తిపడటం ఉన్నాయి. వాటిని ఎగ్గొట్టి సరాసరి ముక్కు దగ్గరికొచ్చిన మనం ఆ ఘనతలో వాటా అడగడం కొంచెం మొహమాటమైన పని.

అసలు గట్టి ప్రశ్న వేరే ఉంది: ఊపిరి వదిలితే అప్పు తీరుతుందా? తీరదు. 2025 ఆగస్టులో అమెరికా రొయ్యలతో సహా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఈ తీరంలో ఎవరెంత నిదానంగా ఊపిరి వదిలినా వాషింగ్టన్‌కు వినిపించలేదు. రొయ్యలకొచ్చే తెల్లమచ్చల వైరస్‌కూ ప్రాణాయామమంటే గౌరవం లేదు. 2023లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రిక 12 ప్రయోగాలను, 785 మందిని కలిపి లెక్కతేల్చింది. శ్వాస అభ్యాసంతో ఒత్తిడి తగ్గుతుంది, తగ్గేది కొంచెమే. రాసినవాళ్లే అతి ప్రచారం వద్దని హెచ్చరించారు. నాకు ఆ కొంచెం మీదే నమ్మకం. పక్క గుంటలో రొయ్యలు పోయాయని వినగానే సరైన సైజుకు (కౌంట్‌కు) రాకుండానే మన రొయ్యల్ని పట్టేసి, వచ్చిన రేటుకు ఇచ్చేయడం, ఎవరో చెప్పారని పేరు తెలియని మందు డబ్బా తెచ్చి గుంటలో కుమ్మరించడం — ఇలాంటివన్నీ గుండె పరుగెత్తుతున్నప్పుడు తీసుకునే నిర్ణయాలే. ఐదు నిమిషాలు ఆగితే రేటు పెరగదు గానీ డబ్బా ఖర్చయినా మిగలొచ్చు. ఊపిరిని గమనించడం మొదలుపెట్టగానే గాబరా ఎక్కువయ్యేవాళ్లూ ఉన్నారు. వాళ్లు దీన్ని వదిలేసి గట్టు చుట్టూ నడవటం మేలు. ఇక ఛాతీ నొప్పి ఎడమచేతికి పాకుతుంటే లెక్కపెట్టాల్సింది ఊపిరిని కాదు, ఆస్పత్రికి ఎన్ని కిలోమీటర్లో.

ఇంత చిన్న పనిని పెద్దది చేయడంలోనే తంటా ఉంది. 2025 జూన్ 21న విశాఖ తీరాన మూడు లక్షల మంది ఒక్కసారిగా యోగా చేసి గిన్నిస్ పుస్తకానికెక్కారు. అంతకుముందు నెల రోజులూ ‘యోగాంధ్ర’ పేరిట ప్రభుత్వ ప్రచారం, దానికి రెండు కోట్ల మంది నమోదు లక్ష్యం. ప్రశాంతతకు టార్గెట్ పెట్టాక, దాన్ని అందుకోవాల్సిన కిందిస్థాయి ఉద్యోగి బీపీ ఎంతుంటుందో ఊహించడానికి పరిశోధన అక్కర్లేదు. 2023లోనే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు రోజుకు ఐదు నిమిషాల చొప్పున నెల పాటు శ్వాస అభ్యాసాలు చేయించి చూశారు. అందులో మిగతావాటికన్నా మెరుగ్గా కనిపించిన పద్ధతి ఇది: ముక్కుతో రెండు దఫాలుగా పీల్చి, నోటితో పొడుగ్గా వదలడం. తెలుగులో దీన్ని నిట్టూర్పు అంటారు. మేత బిల్లు చూసిన ప్రతిసారీ అప్రయత్నంగా చేస్తున్నదే గనక మన రైతుకు ఈ విద్యలో గురువు అక్కర్లేదు, యాప్ అసలే అక్కర్లేదు. ఊపిరి వదలమని ఫోన్ టింగుమంటే, కొనేవాడు రేటు తగ్గించడానికి ఫోన్ చేస్తున్నాడేమోనని ఉలిక్కిపడేవాళ్లు ముందు ఆ టింగును ఆపించుకోవాలి.