కనుబొమలు కదలని ముఖం: ఒక మాస్కు ఆత్మకథ

మట్టి అచ్చు మీద తడి కాగితం పీలికలు పొరలు పొరలుగా అతుక్కుని, ఎండి, ఊడి వచ్చాక ఈ మాస్కుకు ఆకారం వచ్చింది. ఊరు వాషింగ్టన్. చేసిన చిత్రకారిణి పుట్టు బధిరురాలు. తన కథ తానే చెప్పుకుంటున్నా ఈ మాస్కు ‘నేను’ అనదు. దానికి ఉన్నది ఆమె ముఖం, ఆమె లాంటివాళ్ల చరిత్ర.

కళ్లను చెంపల దాకా పెంచి గీసింది. నోటిని ఎవరో బలవంతంగా తెరిచినట్టు వేసింది. చెవులుండాల్సిన చోట రెండు అరచేతులు అతికించి, మణికట్లకు తాడు బిగించింది. ఆ తాడు 1880 నాటిది. ఆ ఏడు మిలాన్‌లో బధిరుల చదువు గురించి జరిగిన మహాసభలో, బడుల్లో సైగలు వద్దు, నోటి మాటే నేర్పాలని తీర్మానించారు. ఓటు వేసినవాళ్లలో దాదాపు అందరూ చెవులు వినబడేవాళ్లే! ఆ అన్యాయం తరాల పాటు పిల్లల చేతులను కట్టేసింది. బెట్టీ మిల్లర్ అనే బధిర చిత్రకారిణి 1972లో సంకెళ్లు పడిన చేతులను గీసింది ఆ కోపంతోనే.

1988 మార్చిలో వాషింగ్టన్‌లోని బధిరుల విశ్వవిద్యాలయం గాలొడెట్ విద్యార్థులు బధిర అధ్యక్షుడు కావాలని గేట్లు మూసి పోరాడారు. ఆ విద్యాలయం పుట్టిన 124 ఏళ్ల తర్వాత అక్కడ తొలి బధిర అధ్యక్షుడిగా కింగ్ జోర్డాన్ వచ్చారు. మరుసటి ఏడు మేలో మిల్లర్, పాల్ జాన్‌స్టన్, ఇంకొందరు కళాకారులు అదే ప్రాంగణంలో కూర్చుని ‘డెవియా’ అనే బధిర కళ ప్రకటన రాశారు. చూపుతో బతికేవాళ్ల అనుభవమే ఈ కళకు ముడిసరుకు. గాఢమైన రంగులు, పెద్దవి చేసి చూపే కళ్లు, నోరు, చెవులు, చేతులు దాని గుర్తులు. ఈ మాస్కు పోలికలన్నీ అక్కడివే.

అయితే దీన్ని చేసిన చిత్రకారిణి దీన్ని తొడుక్కుని ఎన్నడూ మాట్లాడలేదు.

ఎందుకంటే అమెరికన్ సైగల భాషలో ముఖమే సగం వ్యాకరణం. కనుబొమలు పైకి లేపితే ‘ఔనా, కాదా’ అనే ప్రశ్న. ముడిస్తే ‘ఎవరు, ఎక్కడ, ఎందుకు’. చేతులు ఒకటే సైగ చేసినా కనుబొమల్ని బట్టి వాక్యం మారిపోతుంది. 2020లో కోవిడ్ వచ్చి ఊరంతా మూతికి గుడ్డలు కట్టుకున్నప్పుడు ఆమెకు ఎదుటివాళ్ల పెదవులు, బుగ్గలు మాయమయ్యాయి. ఆసుపత్రిలో డాక్టరు ఏమంటున్నాడో తెలియని భయం మామూలుది కాదు. మూతి దగ్గర పారదర్శకమైన కిటికీ ఉన్న మాస్కులు కుట్టినవాళ్లున్నారు గానీ, అవి అందరికీ అందలేదు.

ఇప్పుడు బల్ల మీద ఇంకో మాస్కు తయారవుతోంది. దానికి కనుబొమలు విడిగా చేసి, వెనక నుంచి దారంతో లేపడానికీ దించడానికీ వీలుగా ఆమె బిగిస్తోంది.